తల్లి నెత్తురులోని ఇనుము

పాండురోగమను మాట తెలుగువారికి క్రొత్తది కాదు. భారతకథ విన్న ప్రతి బాలునకును పాండురాజు పుట్టుక తెలియును. వ్యాసుని రూపమును చూచి అంబాలిక వెలవెలబోయినదనియు, అందుచేత ఆమెకు పుట్టిన కుమారుడు పాండువర్ణము గలవాడయ్యెననియు కథ. తల్లి పాలిపోయినచో ఆ ఫలము బిడ్డకును సంక్రమించునన్న ఈ ఊహలో ఒక సత్యము దాగియున్నది. కాని పురాణకథలో తల్లి పాలిపోవుటకు ఒక్క రాత్రి భయము చాలినది. నేటి తల్లి ఒక్క రాత్రిలో పాలిపోలేదు. పది పదునైదేండ్లుగా ఆమె కంచములోనికి రానిదియు, ఆమె నెత్తురునుండి నెలనెలయు పోయినదియు కలిసి ఆమెను పాలిపోజేసినవి. ఆ రెండును ఇనుమే.

2019–21 సంవత్సరములలో జరిగిన జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో మన దేశపు గర్భవతులలో నూటికి 52 మందికి రక్తహీనత యున్నట్లు తేలినది. అంతకుముందు 2015–16లో జరిగిన సర్వేలో ఆ సంఖ్య 50. ఆంధ్రప్రదేశ్, తెలంగాణ రాష్ట్రములు రెండింటను సగముకంటె ఎక్కువమంది గర్భిణులు ఈ లెక్కలోనివారే. వ్రేలికొననుండి తీసిన నెత్తురుబొట్టుతో చేసిన కొలత ఉన్న లోపమును కొంత పెంచి చూపునని వాదించు పండితులు కలరు. ఆ వాదమును మన్నించి కొంత తగ్గించి చెప్పినను మిగులు సంఖ్య చిన్నది కాబోదు.

ఇందులో విచారింపదగిన విషయము మరొకటి యున్నది. గర్భిణులకు ఇనుపమాత్రలు పంచు జాతీయ కార్యక్రమము 1970లోనే ఆరంభమైనది. అనగా అర్ధశతాబ్దికి పైగా మాత్రలు పంపిణీ యగుచున్నవి. 2018 నుండి అదే పని క్రొత్త పేరుతో, మరింత పట్టుదలతో సాగుచున్నది. ఇంత జరిగియు సగముమంది తల్లులు పాలిపోయియే యుండుటకు కారణమేమి? ఇచ్చిన మాత్రను ఆడువారు మ్రింగరనియు, అది వారి అశ్రద్ధయనియు సమాధానము చెప్పుట వాడుకయైపోయినది. ఈ సమాధానము సులభమైనది. న్యాయమైనది మాత్రము కాదు. గర్భము ధరించిన నాలుగవ నెలలో చేతికిచ్చు మాత్ర, పసితనమునుండి పెరుగుచు వచ్చిన అప్పును అయిదారు నెలలలో తీర్పవలసివచ్చుచున్నది. ఆ అప్పు ఎచట మొదలైనదో, ఎవరు చేసినదో చూడకుండ తీర్చుటకు నిలబడినదానిని నిందించుట తగదు.

నెత్తురులో ఇనుమున్నదని లోకమునకు ప్రత్యక్షముగ చూపినవారిలో ఇటలీ దేశపు బొలోనా నగరవాసియైన మెన్‌ఘీని యను వైద్యుడు ముఖ్యుడు. పదునెనిమిదవ శతాబ్దిలో ఆయన నెత్తురును ఎండించి, కాల్చి, బూడిదచేసి దానికి అయస్కాంతము చూపెను. బూడిదలోని రేణువులు అయస్కాంతమును పట్టుకొనెను. ఇనుము పాండురోగమునకు మందన్న ఎరుక అంతకంటె ఎంతో ప్రాచీనము. చరకసంహితలోని పాండురోగ చికిత్సాధ్యాయములో లోహచూర్ణముతోను, మండూరముతోను చేయు మందులు చెప్పబడియున్నవి. అయినను శుద్ధి తెలియని భస్మములను ఎవరో యిచ్చిరని గర్భిణి మ్రింగుట నేటి కాలమున ప్రమాదకరము. పూర్వులు గ్రహించిన సత్యమును గౌరవించుటకు ఆ పొట్లమునే మ్రింగనక్కరలేదు.

శరీరమంతట కలిసి యున్న ఇనుము స్త్రీలో రెండు మూడు గ్రాములకు మించదు. ఒక చిన్న మేకు బరువు. అందులో ఎక్కువ పాలు హీమోగ్లోబిన్ అను ఎర్రని పదార్థములో చేరి, ఊపిరితిత్తులనుండి ప్రాణవాయువును అవయవములకు మోయుచుండును. గర్భకాలమంతటికిని కావలసిన ఇనుము రమారమి ఒక గ్రాము, అనగా 1000 మిల్లీగ్రాములు. ఇందులో సుమారు 300 మిల్లీగ్రాములు బిడ్డకును మావికిని పోవును. 450 మొదలు 500 వరకు తల్లి శరీరములో పెరుగవలసిన ఎర్రకణములకు పట్టును. మిగిలినది దినదినమును సహజముగా జరుగు నష్టమునకు చెల్లును. ఈ వ్యయము తొమ్మిది నెలలకు సమానముగా పంచబడియుండదు. తొలి నెలలలో స్వల్పము. కడపటి నెలలలో దినమునకు ఆరు మిల్లీగ్రాములకు పైగా నెత్తురులోనికి చేరవలెను.

ఇక రాబడిని చూడవలెను. అన్నము, పప్పు, కూరగాయలు ప్రధానముగా గల భోజనములోని ఇనుములో నూటికి అయిదు మొదలు పది పాళ్లు మాత్రమే శరీరమునకు ఒంటును. అట్లయిన ఆరు మిల్లీగ్రాములు ఒంటుటకు కనీసము అరువది మిల్లీగ్రాములు తినవలెను. పాలిష్ చేసిన తెల్లని బియ్యము నూరు గ్రాములలో ఒక్క మిల్లీగ్రాము ఇనుమైనను లేదు. గణితము బోధించు ఉపాధ్యాయులు ఈ లెక్కను తరగతిలో వేయించిన బాగుండును. ఎంత అన్నము తినిన అరువది మిల్లీగ్రాములగునో విద్యార్థులే చెప్పుదురు, చెప్పి నవ్వుదురు. ఆ నవ్వు వెనుకనే గర్భిణికి మాత్ర ఏల అవసరమో తెలిసిపోవును.

ఆహారము అక్కరలేదని దీని అర్థము కాదు. ఆహారమును గురించి ప్రచారములో నున్న భ్రమలను మాత్రము విడువవలెను. బీట్‌రూట్ ఎర్రగా నుండును గనుక నెత్తురు పెంచుననియు, దానిమ్మరసము త్రాగిన చాలుననియు చదువుకొన్నవారును చెప్పుచుందురు. రంగును చూచి గుణము చెప్పు శాస్త్రము ఎక్కడను లేదు. ఆ రెండింటిలోను ఇనుము అల్పము. బెల్లపుముక్క నోటికి తీపి. దానిని నమ్మి మాత్రను మానుట నష్టము. ఒకనాడు తెలుగు పల్లెలలో నిత్యాహారమైన సజ్జలలో నూరు గ్రాములకు ఆరు మిల్లీగ్రాములకు పైగా ఇనుము కలదు, రాగులలో నాలుగున్నర. వరి మిల్లు వచ్చిన పిదప ఈ ధాన్యములు పేదల తిండియను పేరుపొంది వెనుకబడినవి; నేడు చక్కెరవ్యాధికి భయపడిన ధనికుల యిండ్లలో మరల కనబడుచున్నవి. గర్భిణి కంచమునకు మాత్రము ఇంకను చేరవలసియున్నవి. తోటకూర, మునగాకు, పప్పులు, నువ్వులు మేలైనవే. వానిపై నిమ్మరసము పిండుకొనినను, భోజనము వెంట ఉసిరిగాని జామపండుగాని తినినను అందలి ఇనుము మరింత ఒంటును. మాంసము, చేపలు తినువారికి ఇనుము సులభముగా ఒంటును. భోజనముతోపాటే తేనీరుగాని కాఫీగాని త్రాగినచో వచ్చినదానిలో కొంత వమ్మగును. ఇనుప మూకుడులో పులుసు కాచిన అవ్వలకు ఈ శాస్త్రము తెలియకపోవచ్చును. కాని పులుపు ఇనుమును కొంత కరిగించి కూరలో కలుపుచుండెను. మూకుడు తుప్పుపట్టునని దానిని అటకకెక్కించి అల్యూమినియము గిన్నె దించుకొన్నప్పుడు ఆ కొంచెమును పోయినది.

ఈ ఆహారవిషయములన్నియు పుస్తకములలో నున్నవే. పుస్తకములలో లేనిది వంటయింటి వరుస. మొదట మగవారు, పిమ్మట పిల్లలు, అందరికిని వడ్డించిన తరువాత ఇల్లాలు. కూర గిన్నె అడుగున మిగిలిన పులుసు, గరిటెకంటిన పప్పు ఆమె వంతు. మాంసము వండిన నాడును ముక్కలు ముందే పూర్తియగును. ఇది ఎవరును దుర్బుద్ధితో చేసినది కాదు. చేసినవారెవరో కనబడరు గనుకనే ఇది మారుటలేదు. గర్భవతియైన కోడలికి ఇనుము కావలెనని వైద్యుడు చెప్పినప్పుడు ఇంటివారు దానిమ్మపండ్లు కొని తెత్తురు. భోజనపు వరుస మార్చుటకు మాత్రము ఎవరికిని తోచదు. పండుకు డబ్బు చాలును. వరుసకు మనసు కావలెను.

ఇక మాత్ర విషయము. ప్రస్తుతము ప్రభుత్వము గర్భిణికి నాలుగవ నెలనుండి దినమునకొకటి చొప్పున 180 దినములును, ప్రసవానంతరము మరి 180 దినములును ఇనుపమాత్ర లిచ్చుచున్నది. ఒక్కొక్క దానిలో 60 మిల్లీగ్రాముల ఇనుమును, 500 మైక్రోగ్రాముల ఫోలిక్ ఆమ్లమును కలవు. ఈ ఫోలిక్ ఆమ్లము ఇనుముతో చేరుటకు ఒక చరిత్ర యున్నది. 1928లో లూసీ విల్స్ అను ఆంగ్ల వైద్యురాలు బొంబాయికి వచ్చి, అచటి మిల్లులలో పనిచేయు నిరుపేద గర్భిణుల రక్తహీనతను పరిశీలించెను. వారిలో కొందరి వ్యాధి ఇనుమునకు లొంగలేదు. చౌకగా దొరకు ఈస్టు సారమును తినిపింపగా వారు కోలుకొనిరి. అందులో నున్న గుణము పిమ్మట ఫోలిక్ ఆమ్లమని తెలిసినది. రక్తహీనత యంతయు ఇనుము కొరతయే కాదనియు, రోగి తిను తిండిని చూడక మందు వ్రాయరాదనియు ఆమె కృషి నేర్పినది. పాదరక్షలు లేక పొలములలో తిరుగువారి ప్రేగులలో చేరి నెత్తురు పీల్చు కొంకిపురుగులు, మలేరియా, వంశపారంపర్యముగా వచ్చు తలసీమియా, ఇవియు తల్లిని పాలింపజేయును. మాత్రలు సక్రమముగా వాడియు నెలరోజులలో గుణము కనబడనప్పుడు వైద్యుడు ఈ కారణములను వెదకవలెను. మాత్రల సంఖ్య హెచ్చించి ఊరకుండుట వైద్యము కాదు.

మాత్ర ఇంటికి వచ్చుచున్నది, నోటికి చేరుటలేదు. ఎందుచేత? మ్రింగిన కొందరికి కడుపులో త్రిప్పును, వాంతి వచ్చినట్లుండును, మలబద్ధకము కలుగును. మలము నల్లగా పోవును. ఈ నలుపు ఒంటక మిగిలిన ఇనుము రంగేయనియు, అపాయము లేదనియు ముందే చెప్పిన ఆమె భయపడదు. చెప్పనందున భయపడును. అప్పుడు అత్తగారు, "మందు పడలేదమ్మా, మానెయ్యి. ఇంకా మింగితే బిడ్డ పెద్దదై కాన్పు కష్టమవుతుంది" అనును. ఆ అత్తగారు కోడలి మేలుకోరియే అన్నది. ఆమె కాన్పులకు ఆమెకును ఎవరును ఏమియు చెప్పియుండలేదు. ఆ దినమునుండి మాత్రల అట్ట దేవుని గూటిలోనో, బియ్యపుడబ్బా మీదనో ఉండిపోవును. మాత్ర ఇచ్చునప్పుడు రెండు నిముషములు మాటలాడి, భోజనానంతరము రాత్రిపూట వేసికొనిన వికారము తగ్గుననియు, కాల్షియము మాత్రను దీనితో కలిపి వేసికొనక వేరుపూట వేసికొనవలెననియు, పాలతోను తేనీటితోను మ్రింగరాదనియు చెప్పినచో ఎన్నో అట్టలు ఖాళీయగును. ఆసుపత్రి వరండాలో నూరుమంది నిలబడియున్నప్పుడు ఆ రెండు నిముషములు ఎక్కడనుండి వచ్చునని అడుగవచ్చును. ఆ ప్రశ్న న్యాయమైనదే. దానికి జవాబు చెప్పవలసినది వరుసలో నిలబడిన గర్భిణి కాదు.

ఇందు నిజముగా పణముగా నున్నది ప్రాణము. గర్భవతికి హీమోగ్లోబిన్ డెసిలీటరుకు 11 గ్రాములకంటె తక్కువ యుండుట రక్తహీనత. 7కంటె తగ్గుట తీవ్రస్థితి. అట్టి తల్లిని మాత్రలతో ఇంటికి పంపరాదు. నెలలు నిండుచున్నప్పుడు మాత్రలకు వ్యవధి లేకపోయినను, మాత్రలు గుణమీయకున్నను నరముద్వారా ఇనుము ఎక్కించు సదుపాయము నేడు పెద్ద ఆసుపత్రులలో కలదు. మరీ క్షీణించినవారికి రక్తమే ఎక్కింతురు. ప్రసవసమయమున ఎంతటి ఆరోగ్యవంతురాలికైనను కొంత నెత్తురు పోవును. నిండుగా నున్నది ఆ నష్టమును తట్టుకొనును. ముందే వెలితియైనదానికి అంతే నష్టము మృత్యువగును. కాన్పులో చనిపోయినదని ఊరిలో చెప్పుకొనునప్పుడు రక్తస్రావమను మాట వినబడును. ఆ రక్తస్రావమునకు ముందు ఎన్నో యేండ్లుగా నున్న రక్తలోపమును ఎవరును స్మరింపరు. బిడ్డ సంగతి చూచినను అంతే. తొలి ఆరు నెలలకు కావలసిన ఇనుమును శిశువు తల్లిగర్భములో కడపటి నెలలలోనే కూడబెట్టుకొనవలెను. తల్లిపాలలో ఇనుము బహు స్వల్పము. అందుచేతనే బిడ్డ పుట్టగనే బొడ్డుత్రాడును కత్తిరింపక ఒక నిముషమైనను ఆగవలెనని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పుచున్నది. ఆ నిముషములో మావిలోని నెత్తురు బిడ్డను చేరును. తల్లి ఇచ్చు కట్నములలో అంతకంటె విలువైనది లేదు. దానికి ఖర్చును లేదు.

కాన్పుతో కథ ముగిసినదని ఇంటివారందరును తలతురు. ఇచటనే గొప్ప పొరపాటు జరుగుచున్నది. అంతవరకు అందరి చూపును తల్లిమీద. ఆ క్షణమునుండి అందరి చూపును ఉయ్యాలమీద. నెత్తురు పోగొట్టుకొని, రాత్రులు నిద్రలేక, పాలిచ్చుచున్న ఆ బాలింతకు తెలుగునాట అనేక కుటుంబములలో పథ్యము మొదలగును. ఆకుకూర వాతము, పప్పు అజీర్ణము, పండు జలుబు, నీరు ఎక్కువ త్రాగిన పొట్ట పెరుగును అని ఒక్కొక్కటే తీసివేయగా, అన్నము, నేయి, వెల్లుల్లికారము మిగులును. సొంఠి, పిప్పలి, బెల్లముతో చేసిన కాయము పెట్టుదురు. మంచిదే, కాని అది భోజనము కాదు. ఇంత క్షీణించినప్పుడు ఇంత తక్కువ తినుమను నియమము ఏ శాస్త్రములో పుట్టినదో ఊహించుట కష్టము. ప్రసవానంతరపు 180 మాత్రల సంగతి పలువురకు తెలియనే తెలియదు; గర్భిణి కార్డు కాన్పుతో పెట్టెలోనికి పోవును. ఆమె మెట్లెక్కిన ఆయాసపడును, చిన్నమాటకు కన్నీరు పెట్టుకొనును, బిడ్డ ఏడ్చుచున్నను లేవలేకపోవును. దానిని సోమరితనమనువారును, గారాబమనువారును కలరు. రక్తపరీక్ష చేయింపుమనువారు తక్కువ. ఇట్టి స్థితిలోనే ఏడాది తిరుగకమునుపు మరల గర్భము నిలిచినచో పాత అప్పు తీరకమునుపే క్రొత్త పత్రము వ్రాసినట్లగును. కాన్పునకు కాన్పునకు నడుమ ఎడముంచవలెనన్న మాటను జనాభా లెక్కలకు ముడివేసి చెప్పుట వలన అది రుచింపకున్నది. తల్లి నెత్తురు లెక్కతో చెప్పిన అర్థమగును.

పరిశోధనకు కొదువ లేదు. కూనూరులో ఆరంభమైన పోషకాహార పరిశోధనాలయము 1958లో హైదరాబాదునకు వచ్చి, 1969 నుండి జాతీయ పోషకాహార సంస్థగా పేరొందినది. ఇనుము, అయోడిన్ రెండును కలిపిన ఉప్పును రూపొందించినది ఆ సంస్థయే. ఇంటి ముంగిట ఇంత విజ్ఞానముండగా అది వంటయింటి గడపదాటి లోనికి పోకుండుట ఆశ్చర్యము. గడపదాటించగలవారు ఉపాధ్యాయులు. ఎందుచేతననగా తల్లి కాబోవు బాలిక ఆరు నుండి పది తరగతులలో వారి యెదుటనే కూర్చుండియున్నది. ఋతుక్రమము మొదలైన నాటినుండి ఆమె నెలనెలయు ఇనుము పోగొట్టుకొనుచున్నది. ఎదుగుదలకు మరికొంత కావలెను. దేశమున ఇరువది మొదలు ఇరువదినాలుగేండ్ల స్త్రీలలో నూటికి 23 మంది పదునెనిమిది నిండకముందే వివాహమైనవారని ఆ సర్వేయే తెలిపినది. అనగా కొందరికి బడికిని పురిటిమంచమునకును నడుమ రెండేండ్ల వ్యవధియైనను లేదు. ఆ బాలికలకొరకే బడులలో వారమునకొక్క ఇనుపమాత్ర ఇచ్చు ఏర్పాటు కలదు. చాలచోట్ల అది రిజిస్టరులో గుర్తుపెట్టు పనిగా మారినది. చేతికిచ్చిన మాత్ర కిటికీలోనుండి బయటపడుచున్నది. ఖాళీ కడుపున మ్రింగి ఒకతె వాంతిచేసికొనిన, మరునాటికి తరగతియంతయు మానును. మధ్యాహ్న భోజనమైన పిదప, ఉపాధ్యాయిని తానొక మాత్ర మ్రింగి, మలము నల్లబడునని సిగ్గుపడక చెప్పి ఇచ్చిన బడిలో కిటికీ క్రింద మాత్రలు కనబడవు.

కడపటి బల్లమీద కూర్చుండి బలపములు కొరికి తిను బాలిక ఏ బడిలోనైనను ఒకతె యుండును. కొందరు గర్భిణులు మట్టియు, బూడిదయు, పచ్చిబియ్యమును రహస్యముగా తినుటయు, ఈమె బలపము తినుటయు పలుమారు ఒకే కొరతకు గుర్తులు. చెడ్డ అలవాటని ఆమెను నిలబెట్టి చీవాట్లు పెట్టుదురు, తోడిపిల్లలు నవ్వుదురు. ఆమెను ప్రాథమిక ఆరోగ్య కేంద్రమునకు పంపి రక్తపరీక్ష చేయించిన ఒక్క బొట్టుతో సంగతి తేలును. అంతకుముందే, ఆ బలపమును లాగికొను ఉపాధ్యాయిని ఆమె క్రింది కనురెప్పను మెల్లగా దించి లోపలి రంగు చూడవచ్చును.